9 వోల్టులు చాలని కోరస్ పెడల్: బాస్ సీఈ-2 మరమ్మతు, రికార్డింగు – ఒక కేస్ స్టడీ

హైదరాబాదులోని రికార్డింగు స్టూడియోలకు పాత ఎఫెక్టు యూనిట్లు, ప్రీయాంపులు బాగుచేసి ఇవ్వడం, అవసరమైతే సెషన్‌లో కూర్చుని వాటితో పని చేయించడం నా వృత్తి. ఈ కేసులోని పరికరం బాస్ (Boss) అనే కంపెనీ పేరుతో వచ్చిన ఒక పాత సీఈ-2 కోరస్ పెడల్, అంటే ఒక గిటారును ఇద్దరు కలిసి వాయిస్తున్నట్టు వినిపించే, కాలితో నొక్కే ఎఫెక్టు డబ్బా. లేత నీలం డబ్బా, రేట్, డెప్త్ అని రెండే నాబులు, ఒకటే అవుట్‌పుట్. దాని యజమాని అయిన గిటారిస్టు ఒక లలిత గీతాల ఆల్బంలో ఒక పాటకు ఆర్పెజియో (తీగలను ఒక్కొక్కటిగా మీటే పద్ధతి) వాయించాల్సి ఉంది. ప్లగిన్ (కంప్యూటరులో నడిచే సాఫ్ట్‌వేర్ ఎఫెక్టు) వద్దని, ఈ పెడల్ ధ్వనే కావాలని సంగీత దర్శకుడు ముందే చెప్పి ఉండడంతో, రికార్డింగుకు ముందు పెడల్ నా బల్ల మీదికి వచ్చింది.

ఫిర్యాదు మూడు ముక్కలుగా ఉంది. స్టూడియోలోని 9 వోల్టుల అడాప్టర్ పెట్టి వాయిస్తే కోరస్ పలచగా ఉంటోంది. డెప్త్ నాబు చివరిదాకా తిప్పినా ధ్వనిలో ఊగు రావడం లేదు. ఆరు తీగలూ కలిపి గట్టిగా మీటితే గరగర వినిపిస్తోంది, అది కూడా గిటారు అసలు ధ్వనిలో కాక దాని వెనుక ఊగే నీడలో. ఇక ఏమీ వాయించనప్పుడు సన్నని ఈల ఒకటి పైకీ కిందికీ జారుతూ ఉంటోంది. ఇదే పెడల్ ఇంట్లో, బోర్డు మీద తక్కిన పెడళ్ల మధ్య ఉన్నప్పుడు ఇంత అధ్వానంగా ఉండదని యజమాని గట్టిగా చెప్పారు. అంతకుముందు దీన్ని చూసిన ఒక మెకానిక్ మాత్రం లోపలి చిప్పుకు వయసైపోయిందని, దాన్ని మార్చక తప్పదని తేల్చేశారట.

పాత అనలాగ్ ఎఫెక్టు ఏది చెడినా ముందు చిప్పు మీద అనుమానపడడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ చిప్పులు దొరకడం కష్టం కాబట్టి ఆ మాటకు కొంత బరువు కూడా వస్తుంది. నా అనుభవంలో అవి అంత తేలికగా చావవు. వాటి చుట్టూ ఉన్న వోల్టేజీలు చెదిరితే అవి చచ్చినట్టు కనిపిస్తాయి, అంతే. ఈ కేసు పూర్తిగా ఆ తెగకు చెందినది కనుకే వివరంగా రాయాలనిపించింది.

పెడల్ లోపల జరిగే పని

సీఈ-2 గుండెకాయ మాత్సుషితా తయారీ ఎంఎన్3007 అనే 1024 దశల బకెట్ బ్రిగేడ్ చిప్పు. ఈ పద్ధతిని ఫిలిప్స్ పరిశోధనశాలకు చెందిన సాంగ్‌స్టర్, టీర్ 1969లో ప్రకటించారు. వరుసగా నిలబడిన మనుషులు బావి నుంచి తొట్టి దాకా నీళ్ల బిందెలను చేతులు మార్చుకుంటూ అందించినట్టు, ఒక కెపాసిటర్‌లోని చార్జి పక్క కెపాసిటర్‌లోకి, అక్కడి నుంచి ఆ పైదానిలోకి క్లాక్ (చిప్పును నడిపించే విద్యుత్ స్పందనలు) తాళానికి అనుగుణంగా జరుగుతుంది. ఎంత ఆలస్యమవుతుందో లెక్క కట్టడం తేలిక: దశల సంఖ్యను క్లాక్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపుతో భాగిస్తే చాలు. 1024 దశలున్న చిప్పుకు 100 కిలోహెర్ట్జ్ క్లాక్ ఇస్తే 5.12 మిల్లీసెకన్లు, 50 కిలోహెర్ట్జ్ ఇస్తే 10.24 మిల్లీసెకన్లు ఆలస్యం వస్తుంది. ఇందులో అంకెలుగా మార్చడం ఎక్కడా లేదు. కాలం ముక్కలైనా వోల్టేజి మాత్రం అనలాగ్‌గానే ఉంటుంది.

కోరస్‌లో ఈ క్లాక్ స్థిరంగా ఉండదు. సెకనుకు ఒకటి రెండు సార్లు, ఇంకా నెమ్మదిగా కూడా, ఊగే ఒక ఆసిలేటర్ దాన్ని అటూ ఇటూ లాగుతూ ఉంటుంది. ఆలస్యం పెరుగుతున్నంతసేపు స్వరం కొద్దిగా దిగుతుంది, తగ్గుతున్నంతసేపు కొద్దిగా ఎక్కుతుంది. ఈ ఊగే స్వరాన్ని అసలు గిటారు ధ్వనితో కలిపితే ఇద్దరు కలిసి వాయిస్తున్న భ్రాంతి కలుగుతుంది. రోలాండ్ కంపెనీ 1975లో జేసీ-120 యాంప్లిఫయర్‌లో ఈ ఎఫెక్టును పెట్టింది. 1976లో దాన్ని విడదీసి సీఈ-1 పేరుతో పెద్ద డబ్బాగా, బాస్ పేరు మీద మొదటి పెడల్‌గా అమ్మింది. 1979లో వచ్చిన సీఈ-2 దాన్నే బ్యాటరీతో నడిచే చిన్న డబ్బాలోకి కుదించింది. ఈ కుదింపులో ఒక రాజీ ఉంది, మన కేసుకు కీలకం అదే. ఎంఎన్3007 అసలు 15 వోల్టుల కోసం తయారైన చిప్పు. దాన్ని 9 వోల్టుల మీద నడపడమే ఇరుకు. అందులోనూ వోల్టేజి తగ్గితే సంకేతం పైకీ కిందికీ ఊగడానికి చోటు మిగలదు.

బ్యాటరీ పరీక్ష

తొలి పరీక్షకు ఓసిల్లోస్కోప్ (వోల్టేజి తరంగాన్ని తెర మీద చూపే పరికరం) అక్కర్లేకపోయింది. అడాప్టర్ పెట్టినప్పుడు పెడల్ మీది ఎర్ర దీపం మసకగా, పగటి వెలుతురులో కనీ కనిపించనట్టు వెలుగుతోంది. అడాప్టర్ తీసి కొత్త బ్యాటరీ వేయగానే దీపం ధగధగలాడింది, కోరస్ కూడా లేచి కూర్చుంది. గరగర మాత్రం కొంత తగ్గిందే కానీ పూర్తిగా పోలేదు. ఈల ఆనవాలు కూడా లేకుండా పోయింది. అంటే ఫిర్యాదులోని మూడు ముక్కలకు ఒకే కారణం లేదు. పెడల్ లోపలికి చేరుతున్న వోల్టేజి ఒకటి, చిప్పు దగ్గర మరేదో ఒకటి, అడాప్టర్ స్వభావం ఇంకొకటి. మూడింటినీ విడివిడిగా చూడాలని అక్కడే తేలిపోయింది.

అడుగు మూత విప్పి సర్క్యూట్ గ్రౌండుకీ సరఫరా రేఖకీ మధ్య మీటరు పెట్టాను. బ్యాటరీ మీద 9 వోల్టులకు పైనే ఉంది. స్టూడియో అడాప్టర్ తన ప్లగ్గు దగ్గర ఖచ్చితంగా 9 వోల్టులు ఇస్తున్నా, సర్క్యూట్‌కు చేరుతున్నది సుమారు 5.4 వోల్టులే. మిగతా 3.6 వోల్టులు దారిలో ఎక్కడ పోతున్నాయో వెదికితే, అడాప్టర్ జాక్ ఋణ తీగకూ సర్క్యూట్ గ్రౌండుకూ మధ్య వరుసగా ఉన్న ఒక 470 ఓముల రెసిస్టర్, ఒక డయోడ్ దగ్గర లెక్క సరిపోయింది. డయోడ్ దగ్గర 0.6 వోల్టు, 6 మిల్లీఆంపియర్లకు కాస్త ఎక్కువగా కరెంటు పారుతున్న రెసిస్టర్ దగ్గర 3 వోల్టులు.

ఇది లోపం కాదు. ఆ కాలపు బాస్ పెడళ్లు ఏసీఏ అనే, రెగ్యులేషన్ (వోల్టేజిని స్థిరంగా నిలిపే ఏర్పాటు) లేని అడాప్టర్ కోసం తయారయ్యాయి. దాని మీద 9 వోల్టులని రాసి ఉన్నా, పెడల్‌కు కావలసిన స్వల్ప కరెంటు దగ్గర అది 12 వోల్టుల దాకా ఇస్తుంది. ఆ అదనాన్ని మింగి లోపలికి సుమారు 9 వోల్టులు పంపడానికే ఆ రెసిస్టర్, డయోడ్. తరువాతి కాలంలో కంపెనీ పీఎస్ఏ అనే రెగ్యులేటెడ్ 9 వోల్టుల అడాప్టర్‌కు మారినప్పుడు కొత్త పెడళ్లలోంచి వాటిని తీసేసింది. పాత పెడల్‌కు కొత్త అడాప్టర్ పెడితే ఈ 5.4 వోల్టుల అవస్థ వస్తుంది. పెడల్ అడుగున ఏసీఏ అడాప్టరే వాడాలని చెప్పే స్టిక్కర్ ఉండాలి. ఈ పెడల్‌కు వెల్క్రో అతికించి తీసిన చోట సగం స్టిక్కర్ దానితో పాటే ఊడిపోయి, ఆ అక్షరాలు పోయాయి. పాత పెడళ్లు చేతికి వచ్చినప్పుడు ముందు అడుగు తిప్పి చూడమని నేను అందరికీ చెప్పడానికి కారణం ఇలాంటి చిన్న విషయాలే.

మరి ఇంట్లో ఎందుకు పలికింది? అక్కడ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో అన్ని పెడళ్లకూ కరెంటు వెళ్తోంది. పక్కనున్న కొత్త తరం పెడల్‌లో అడాప్టర్ ఋణ తీగ నేరుగా గ్రౌండుకు కలిసి ఉంటుంది. ఆ పెడల్‌కూ సీఈ-2కూ మధ్య ఉన్న గిటారు తీగ పైతొడుగు ఈ రెండు పెడళ్ల గ్రౌండులను కలిపేస్తుంది. దాంతో సీఈ-2 కరెంటు తన 470 ఓముల దారిని వదిలి గిటారు తీగ మీదుగా, పక్క పెడల్ గుండా అడాప్టర్‌కు చేరుకుంటుంది, లోపల దాదాపు 9 వోల్టులూ నిలుస్తాయి. బల్ల మీద మరో పెడల్‌ను ఇలా కలిపి చూడగానే దీపం మళ్లీ ప్రకాశించింది. యజమాని చెప్పిన మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు.

సరఫరా ఎలా ఇవ్వాలన్న నిర్ణయం

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది, ఆ రెసిస్టర్‌నూ డయోడ్‌నూ తీగ ముక్కతో దాటవేసి పెడల్‌ను నేటి అడాప్టర్లకు అనువుగా మార్చడం. చాలామంది చేసేది అదే, అయిదు నిమిషాల పని, పాపమేమీ లేదు. కానీ మార్చిన సంగతి తెలియని వాళ్లు తరువాత ఎప్పుడో పాత ఏసీఏ అడాప్టర్ పెడితే 12 వోల్టులూ లోపలికి నేరుగా వెళ్తాయి. ప్లగ్గు తిరగబడితే అడ్డుకునే డయోడ్ కూడా ఉండదు. పైగా ఇంతవరకు సర్క్యూట్ అమరిక మార్చని బోర్డు ఇది, యజమాని దాన్ని అలాగే ఉంచాలని కోరుకున్నారు.

రెండో దారి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ట్రాన్స్‌ఫార్మర్ రకం బ్యాటరీ ఎలిమినేటర్. దాని మీద 9 వోల్టులని రాసి ఉన్నా తక్కువ లోడు మీద 12, 13 వోల్టులు ఇవ్వడం దాని సహజ గుణం, కాబట్టి వోల్టేజి లెక్కలో అది ఏసీఏకు చుట్టమే. చిక్కులు రెండు. వీటిలో చాలావాటికి ప్లగ్గు నడుమ ధనం, బయట ఋణం ఉంటాయి; బాస్ పెడల్‌కు నడుమ ఋణం కావాలి. రెండోది, రెగ్యులేషన్ లేదు కాబట్టి ఇంటి కరెంటు ఎంత ఊగితే ఇది కూడా అంతే ఊగుతుంది. సాయంత్రం మెయిన్స్ పది శాతం పడిపోతే 12.6 వోల్టులు 11.3కు దిగుతాయి, పెడల్ లోపల 8 వోల్టులు కూడా ఉండవు. పొద్దున తీసిన టేకుకూ రాత్రి తీసిన టేకుకూ కోరస్ తేడాగా ఉంటే ఎడిటింగ్‌లో తల పట్టుకోవలసి వస్తుంది. దీనికి తోడు 100 హెర్ట్జ్ హమ్ ఉండనే ఉంటుంది.

మూడో దారి ఎంచుకున్నాను. 15 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, ఫిల్టర్ కెపాసిటర్, ఆ తరువాత ఎల్ఎం317 రెగ్యులేటర్. దాని రెండు రెసిస్టర్లు 240 ఓములు, 2.2 కిలో ఓములు పెడితే అవుట్‌పుట్ 12.7 వోల్టులు వస్తుంది. డయోడ్ 0.6, రెసిస్టర్ సుమారు 3.3 తీసుకోగా సర్క్యూట్‌కు 8.8 వోల్టులు మిగులుతాయి. రెగ్యులేటర్ అడ్జస్ట్ కాలు నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే రిపుల్ (సరఫరాలో మిగిలే చిన్న అలలు) ఇంకా తగ్గుతుంది, దాన్ని మాత్రం వదలకూడదు. ఇదంతా ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి, ఏసీఏ పెడళ్లకు మాత్రమే అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అతికించాను. ఈ డబ్బాతో వాడేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. దీన్ని గొలుసు తీగతో కొత్త పెడళ్లకు కలిపి ఇస్తే, పైన చెప్పిన గ్రౌండు దారి వల్లనే సీఈ-2కు మొత్తం 12.7 వోల్టులూ అందుతాయి, పక్క పెడళ్లకూ అంతే. కాబట్టి ఇది ఒంటరిగా, ఒకే పెడల్‌కు.

బయాస్

వోల్టేజి సరిపడా అందాక కోరస్ నిండుగా వచ్చింది, గరగర మాత్రం అలాగే ఉంది. బోర్డు మీద బకెట్ బ్రిగేడ్ చిప్పుకు బయాస్ (సంకేతం ఊగడానికి ఆధారమైన స్థిర వోల్టేజి) ఇచ్చే చిన్న ప్రీసెట్‌ను (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే రెసిస్టర్) భూతద్దంతో చూస్తే విషయం బయటపడింది. ఫ్యాక్టరీలో సరిచేశాక కదలకుండా వేసే లక్క చుక్క రెండుగా చీలి ఉంది. ఒక సగం ప్రీసెట్ చక్రం మీద, మరో సగం దాని ఒంటి మీద, రెండింటి మధ్య దాదాపు పావు వంతు తిరుగుడు తేడా. ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టారు. యజమానిని అడిగితే, మెకానిక్ చూసి ఇచ్చినప్పటి నుంచి ఇంట్లో కూడా గట్టి స్ట్రోక్ దగ్గర మునుపటి శుభ్రత లేదని గుర్తు చేసుకున్నారు.

జరిగింది ఊహించడం కష్టం కాదు. ఈ చిప్పులోని చార్జి ఊగడానికి ఉన్న చోటు మధ్యలో బయాస్ నిలవాలి. సరఫరా 5.4 వోల్టులున్నప్పుడు ఆ మధ్య బిందువు ఒక చోట, 9 వోల్టులున్నప్పుడు మరో చోట ఉంటుంది. తప్పుడు అడాప్టర్ మీద నడుస్తున్న పెడల్‌ను చెవితో వింటూ ప్రీసెట్ తిప్పితే, ఆ తక్కువ వోల్టేజీకి సరిపోయే చోట అది కుదురుకుంటుంది. తరువాత బ్యాటరీ వేసినా, ఇంటి బోర్డు మీద పెట్టినా సంకేతం ఒక పక్క గోడకు తగులుతుంది. పాత అనలాగ్ పెడళ్లలో ప్రీసెట్లు తిప్పేముందు సరఫరా కొలవాలన్న క్రమం ఎంత ముఖ్యమో ఇంతకన్నా స్పష్టంగా చూపే కేసు నాకు తారసపడలేదు.

సరిచేయడానికి 400 హెర్ట్జ్ సైన్ వేవ్‌ను ఇన్‌పుట్‌కు ఇచ్చి, డెప్త్ సున్నా చేసి, చిప్పు అవుట్‌పుట్ తరువాతి లో-పాస్ ఫిల్టర్ దగ్గర స్కోప్ పెట్టాను. స్థాయి పెంచుతూ పోతే తరంగం కింది భాగం ముందే చదునైంది, పైభాగం ఇంకా గుండ్రంగానే ఉంది. ప్రీసెట్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ రెండు అంచులూ ఒకేసారి చదునయ్యే చోట ఆపాను. ఆశ్చర్యం ఏమీ లేదు, లక్క చుక్క రెండు సగాలూ దాదాపు ఎదురెదురుగా వచ్చి నిలిచాయి. తరువాత ఫిల్టర్ దాటి మిగిలిన క్లాక్ చారికను కూడా చూశాను. అది చాలా చిన్నది, చెవికి అందే పరిధికి పైన ఉంది. సరఫరా ఫిల్టర్ కెపాసిటర్ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఎక్కువగా ఉంటే దాన్నొక్కదాన్ని మార్చాను. వయసైందన్న నెపంతో బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్‌లన్నీ పీకి కొత్తవి పెట్టే పద్ధతి నాకు నచ్చదు. కొలిస్తే బాగున్నదాన్ని ముట్టుకోను.

ఈల కథ

ఈల బ్యాటరీ మీద లేదు, నా డబ్బా మీద లేదు, స్టూడియో అడాప్టర్ మీద మాత్రమే ఉంది. ఆ అడాప్టర్ స్విచింగ్ రకం. దాని లోపల పదుల కిలోహెర్ట్జ్‌లలో స్విచ్ అవుతూ ఉండే చిన్న రిపుల్ ఒకటి సరఫరా మీదుగా పెడల్‌లోకి వస్తుంది. అది దానంతటదిగా వినిపించేది కాదు. కానీ బకెట్ బ్రిగేడ్ క్లాక్ కూడా అదే చుట్టుపక్కల ఊగుతూ ఉంటుంది. రెండూ దగ్గరైనప్పుడు వాటి తేడా చెవికి వినిపించే పరిధిలోకి దిగుతుంది. క్లాక్ జరిగే కొద్దీ ఆ తేడా మారుతుంది కాబట్టి ఈల జారుతుంది. రేట్ నాబు పెంచితే ఈల జారే వేగం కూడా పెరిగింది; మూలం అక్కడే ఉందనడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు. అనలాగ్ డిలే, కోరస్ రెండూ ఒకే సరఫరా పంచుకున్నప్పుడు కూడా, రెండు క్లాకుల మధ్య ఇదే తంతు జరుగుతుంది. విడివిడి సరఫరాలు ఇవ్వడమే మందు.

రికార్డింగు

పెడల్ బాగుపడ్డాక స్టూడియోలో ఎదురైనది మరో రకం సమస్య. సీఈ-2 ఊగు తన ఇష్టం వచ్చినట్టు నడుస్తుంది. పాట తాళంతో దానికి సంబంధం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి వీలు లేదు. గిటారిస్టు పల్లవి మధ్యలో ఒక స్వరం తప్పి, అక్కడి నుంచి పంచ్-ఇన్ చేస్తే (ఆ ముక్కను మాత్రం మళ్లీ రికార్డు చేసి అతికిస్తే), పాత టేకులో ఊగు పైకి ఎక్కుతున్న చోట కొత్త టేకులో దిగుతూ ఉండవచ్చు. వాయింపు ఎంత బాగా అతికినా ఆ అతుకు దగ్గర కోరస్ తుళ్లిపడుతుంది. అందుకని పెడల్‌ను వాయింపులోంచి తప్పించాము. గిటారును డీఐ (గిటారు సంకేతాన్ని నేరుగా రికార్డరుకు పంపే డబ్బా) ద్వారా శుభ్రంగా రికార్డు చేసి, ఎడిటింగ్ అంతా ముగించి, ఒక్క అతుకూ మిగలని ట్రాకును మొదటి నుంచి చివరి దాకా ఒకే పరుగులో పెడల్ గుండా పంపి మళ్లీ రికార్డు చేశాము. గిటారిస్టుకు వాయించేటప్పుడు హెడ్‌ఫోనులో కోరస్ లేకపోతే చేయి సాగదు కాబట్టి, వినడానికి మాత్రం ఒక ప్లగిన్ కోరస్ పెట్టాము. ఈ పద్ధతిలో అదొక్కటే ప్లగిన్.

ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ గిటారు కంటే చాలా ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. స్టూడియో పరికరాల ప్రమాణ స్థాయి అయిన +4 డీబీయూ అంటే 1.23 వోల్టులు. దాన్ని రీయాంప్ బాక్సుతో గిటారు స్థాయికి దించి, స్కోప్‌లో చూసిన అంచులకు చాలా లోపల ఉండేలా పెట్టాము. సీఈ-2లో కంపాండర్ (సంకేతాన్ని ముందు కుదించి, తరువాత విస్తరించి రొద తగ్గించే సర్క్యూట్) లేదు, కాబట్టి మరీ తక్కువ స్థాయి పెడితే వెనుక హిస్ లేస్తుంది. గట్టి స్ట్రోకులున్న చోట్లు కొన్నే కనుక, పెడల్‌కు ముందు తేలికపాటి కంప్రెషన్ వేసి స్థాయిని కాస్త పైకి నిలపగలిగాము.

దర్శకుడికి స్టీరియో కావాలి, పెడల్ మోనో. దీనికి వాడుకలో ఉన్న కిటుకు ఒకటి ఉంది: ఆలస్యమైన ధ్వనిని ఒక పక్క మామూలుగా, రెండో పక్క తలకిందులుగా కలపడం. చాలా విశాలంగా వినిపిస్తుంది. కానీ రెండు పక్కలూ ఒకటైన క్షణం ఆ ఆలస్యమైన ధ్వని తనను తానే రద్దు చేసుకుని కోరస్ మాయమవుతుంది. ఒకే స్పీకరున్న ఫోన్లలో, ఆటోల్లో పాట వినే మన శ్రోతలకు అది సరిపడదు. అందుకని అదే డీఐ ట్రాకును పెడల్ గుండా రెండు సార్లు పంపి, రెండోసారి రేట్ నాబును రవంత కదిపి, ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి పెట్టాము. రెండింటిలోనూ ఉన్న అసలు గిటారు ధ్వని ఒకటే కాబట్టి అది మధ్యలో స్థిరంగా నిలబడుతుంది. ఊగే నీడలు మాత్రం రెండు వేర్వేరు దారులు పడతాయి. మోనోలో కలిపినా కోరస్ పోదు, ఒక పెడల్ బదులు రెండు ఊగుతున్నట్టు ఉంటుంది. ఇంతకుముందు అవరోధమైన ఆ పట్టులేని ఊగే ఇక్కడ పనికొచ్చింది. రెండు పరుగులూ ఒకే చోట మొదలై ఒకే రేటుతో నడిచి ఉంటే ఎడమ కుడి ఒకేలా ఉండేవి.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. రెండు ట్రాకులూ కాలంలో ఖచ్చితంగా సరిపోవాలి. ఒకటి 1 మిల్లీసెకను వెనకబడినా, మోనోలో కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర, ఆ పైన 1500 దగ్గర, అలా స్థిరమైన గోతులు పడి గిటారు డొల్లగా వినిపిస్తుంది. పాట మొదలయ్యే ముందు ఖాళీలో ఒక చిన్న క్లిక్ పెట్టి, రెండు పరుగులలోనూ దాని మొదటి అంచును శాంపిల్ స్థాయిలో కలిపి అమర్చాము. ఆ క్లిక్‌లో ముందు కనిపించేది అసలు ధ్వని అంచే. దాని తరువాత కొన్ని మిల్లీసెకన్లకు రెండో ముద్దలా కనిపించే ఆలస్యపు ధ్వని ప్రతి పరుగులోనూ వేరే చోట ఉంటుంది, దాన్ని పట్టుకుని అమర్చకూడదు.

చివరి తగువు శ్రుతితో వచ్చింది. పాటలో తంబూరా అడుగున నిలకడగా ఉంది. మొదటి మిశ్రమం విన్న గాయని, గిటారు ఆగిన చోట్ల శ్రుతి కదులుతున్నట్టు ఉందని అన్నారు. ఆమె చెవి అబద్ధం చెప్పలేదు. ఉదాహరణకు ఆలస్యం 2 మిల్లీసెకన్ల మేర ఊగుతూ, సెకనుకు ఒక ఆవృత్తం పూర్తి చేస్తే, స్వరం దాదాపు 7 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి, తరువాత అంతే కిందికి పోతుంది. 440 హెర్ట్జ్ స్వరానికి అది సెకనుకు 1.8 బీట్ల దాకా వస్తుంది. అదే డెప్త్‌తో రేటు మూడింతలు చేస్తే దిగుడు, ఎక్కుడు 20 సెంట్లు దాటుతాయి, ఎందుకంటే స్వరపు జారుడు డెప్త్ మీద, రేటు మీద సమానంగా ఆధారపడుతుంది. రేటు పెంచినప్పుడు డెప్త్ దించాలని గిటారిస్టులు చేతి అలవాటుతో చేసే పనికి కారణం ఇదే. సినిమా పాటల్లో కీబోర్డు ప్యాడ్‌ల మధ్య ఈ తేడా కలిసిపోతుంది. తంబూరా ముందు కలవదు. పాట వేగం నిమిషానికి 72 మాత్రలు. ఊగును రెండు మాత్రలకొక ఆవృత్తానికి దగ్గరగా, అంటే 0.6 హెర్ట్జ్ చుట్టూ పెట్టి, డెప్త్‌ను సగం కంటే కిందికి దించి రెండు పరుగులూ మళ్లీ తీశాము. గిటారు నిలిచిపోయే దీర్ఘ స్వరాల దగ్గర కోరస్ ట్రాకులను కొద్దిగా తగ్గించి డీఐ ట్రాకును పెంచాము. గాయని ఒప్పుకున్నారు. దర్శకుడికి మొదటి మిశ్రమమే ఎక్కువ నచ్చిందని నాకు తెలుసు, కానీ నా ఓటు గాయనికే.

అదనపు చిప్పు

పెడల్ తిరిగి ఇచ్చేటప్పుడు యజమాని ముందుజాగ్రత్తగా ఒక ఎంఎన్3007 కొని పెట్టుకుంటానన్నారు. మాత్సుషితా వీటి తయారీ ఎన్నడో ఆపేసింది. బజారులో తిరిగేవాటిలో పాత చిప్పు మీద పేరు గీకి కొత్త పేరు వేసినవి ఎన్నో. దీని దగ్గరి చుట్టమైన ఎంఎన్3207 చిప్పు కాళ్ల అమరిక దీనితో ఒకటే, కానీ సరఫరా ధ్రువాలు తలకిందులు, తట్టుకునే వోల్టేజి కూడా తక్కువ. దాన్ని సీఈ-2లో పెడితే పని చేయదు సరికదా పాడైపోతుంది కూడా. అందుకే కొన్న చిప్పును పెడల్‌లో నేరుగా పెట్టవద్దని చెప్పి, నా దగ్గర పరీక్ష బోర్డు మీద చూద్దామన్నాను. 50 కిలోహెర్ట్జ్ క్లాక్ ఇచ్చి, చిన్న సైన్ తునక ఒకటి పంపి, ఆలస్యం కొలిస్తే చాలు. 10.24 మిల్లీసెకన్లు వస్తే 1024 దశలు ఉన్నట్టు. అందులో సగం వస్తే లోపల ఉన్నది 512 దశలది, రెట్టింపు వస్తే 2048 దశలది. ఆ తరువాత 9 వోల్టుల మీద బయాస్ తిప్పి, రెండు అంచులూ ఒకేసారి చదునయ్యే చోటు దొరుకుతుందో లేదో చూడాలి. ఆయన తెప్పించిన మొదటి చిప్పు 5.12 మిల్లీసెకన్లు చూపింది, అమ్మినవారికి తిప్పి పంపేశారు. రెండోది నెగ్గింది, దాన్ని యాంటీస్టాటిక్ సంచిలో వేసి, పెడల్ పెట్టెలోనే, ఆ 12.7 వోల్టుల డబ్బా పక్కన పెట్టి ఇచ్చాను.